నిండ పోసిన రోజే ఆగే బండి

మా ఇంట్లో ఒక పాత కమాండర్ జీపు ఉండేది. 1997 మోడల్. మూడో చేతిలో కొన్నాం. నేను బాయిలో పంపు ఆపరేటర్‌ని. నీళ్ళు తోడే పని. కొంత నా జీతం మీద అప్పు తీసి, కొంత బాపు ఎడ్లు అమ్మిన పైసలు కలిపి ఆ బండి తెచ్చాం. నడిపేది మా తమ్ముడు. రామకృష్ణాపూర్ నుంచి మందమర్రి, సోమగూడెం, కాసిపేట, దేవాపూర్, ఆ పైన ఉన్న గూడేల దాకా తిప్పేవాడు. అంగడి రోజు అంగడికి, పెళ్ళిళ్ళ కాలంలో పెళ్ళిళ్ళకు, మాఘమాసంలో గాంధారి ఖిల్లా దగ్గర మా నాయకపోడ్ల మైసమ్మ జాతరకు. ఎనిమిది మంది కూర్చునే బండిలో పదిహేను మంది ఎక్కేవాళ్ళు. మేకలు, బియ్యం బస్తాలు, డప్పులు వేరే.

2008 ఎండాకాలంలో ఆ జీపుకు ఒక జబ్బు పట్టింది. మంచిగా నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. అరగంట ఊరుకుంటే మళ్ళీ ఏమీ కానట్టు స్టార్టయ్యేది. ఆ జబ్బు దొరకడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఈలోపు బండి కంటే పెద్దది ఒకటి విరిగేదాకా వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

పూర్తిగా చెడిపోయిన బండి మంచిది. మెకానిక్ దగ్గరికి తోసుకుపోతే చెడిపోయే ఉంటుంది, అతను చూస్తాడు. అప్పుడప్పుడు ఆగే బండి అట్లా కాదు. మెకానిక్ ముందర గుర్రం లాగా నిలబడుతుంది. చలిజ్వరం వచ్చిన మనిషి దవాఖానాకు పోయేసరికి ఒళ్ళు చల్లబడ్డట్టే. డాక్టరు "నీకేం లేదు పో" అంటాడు. ఇంటికొచ్చినంక మళ్ళీ వణుకు.

డీజిల్ ఇంజనుకు పెట్రోల్ బండిలాగా నిప్పురవ్వ అవసరం లేదు. గాలిని బలంగా నొక్కితే ఆ గాలే అయిదు వందల డిగ్రీలు దాటి కాలుతుంది. అందులో నోజిల్ డీజిల్‌ను చిమ్ముతుంది, అది అంటుకుంటుంది. కాయిల్, ప్లగ్గులు ఏవీ లేవు కాబట్టి, నడిచే పాత డీజిల్ బండి అర్ధాంతరంగా ఆగిందంటే పదింట తొమ్మిదిసార్లు డీజిల్ అందక ఆగినట్టే. ఎక్కడ అందడం లేదన్నదే ప్రశ్న. ట్యాంకు అడుగున చెత్త పైపు నోటికి అడ్డం పడవచ్చు. ఫిల్టర్ పూడుకుపోవచ్చు. డీజిల్‌లో నీళ్ళు కలవవచ్చు. రబ్బరు పైపు పగిలి, వాషర్ అరిగి గాలి లోపలికి పోవచ్చు. ఫీడ్ పంపు బలం తగ్గవచ్చు.

మెకానిక్‌లకు ఇవన్నీ తెలుసు. అందుకే ఒక్కొక్కరు ఒక్కొక్కటి మార్చారు. ఒకాయన రెండు ఫిల్టర్లు మార్చాడు. వారం మంచిగా నడిచింది, మళ్ళీ ఆగింది. ఇంకొకాయన పైపులు, రాగి వాషర్లు మార్చాడు. ఇంకోచోట ఫీడ్ పంపు కిట్టు వేశారు. చివరికి పెద్ద పంపు విప్పి కాలిబ్రేషన్‌కు ఇచ్చాం. దానికే నా నెల జీతంలో సగం పోయింది. ప్రతిసారీ బండి కొద్దిరోజులు నడిచేది. "దొరికింది" అనుకునేవాళ్ళం. మళ్ళీ మందమర్రి దాటినంక ఎక్కడో తమ్ముడు రోడ్డు పక్కన కూర్చునేవాడు.

తమ్ముడు మొదటి నుంచీ ఒకటే మాట చెప్పేవాడు.

"అన్నా, డీజిల్ తక్కువున్న రోజు మంచిగ నడుస్తంది. నువ్వు నిండ పోసిన రోజే ఆగుతంది."

నేను నవ్వాను. మెకానిక్‌లు నవ్వారు. చాయ్ హోటల్ దగ్గర ఈ మాట చెప్పుకొని నవ్వని మనిషి లేడు. డీజిల్ లేక ఆగే బండి ఉంటుంది గానీ డీజిల్ ఎక్కువై ఆగే బండి ఎక్కడుంటుంది? కడుపు నిండి చచ్చిపోయిన ఎద్దు ఉందా అని ఒకాయన అడిగాడు. ఆ తర్వాత తమ్ముడు ఆ మాట అనడం మానేశాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఎండాకాలం మొదట్లో నాకు డీజిల్ లెక్క కుదరలేదు. పోసిన డీజిల్‌కు, తిరిగిన కిలోమీటర్లకు తేడా కనిపించింది. రాత్రిపూట బండి మా వాడ బయట చింతచెట్టు కింద ఉండేది. ఎవరైనా తీస్తున్నారేమో అనుకున్నాను. "ఎవరైనా" అన్నది నలుగురికి చెప్పే మాట. లోపల మాత్రం తమ్ముడి మీదనే అనుమానం. అతనికి అప్పుడప్పుడు కల్లు అలవాటు ఉంది, ఆ పైసలు ఎక్కడివి అని. పాత మూత వదులుగా ఉండేది, ఊపితే లొడలొడమనేది. దాన్ని తీసేసి గట్టి రబ్బరు ఉన్న తాళం మూత కొని బిగించాను. తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను. డీజిల్ నేనే క్యాన్‌లో తెచ్చి నేనే పోసేవాణ్ణి. ఎన్ని లీటర్లు పోశానో ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. తమ్ముడు చూశాడు. ఏమీ అనలేదు.

బండి ఆగడం మొదలైంది ఆ తర్వాతే. కానీ ఆ రెండూ నా తలకాయలో ఒకదాని పక్కన ఒకటి రాలేదు. మూతకూ ఇంజనుకూ ఏం సంబంధం?

వానాకాలం మొదట్లో ఒక పెళ్ళికి జీపు దేవాపూర్ అవతల గూడేనికి పోయింది. దూరం కదా అని పొద్దున్నే ట్యాంకు నిండా పోశాను. పోయేటప్పుడు ఒకసారి ఆగిందట. తమ్ముడు ఎవరికీ చెప్పలేదు. రాత్రి అక్కడ ఒక చిన్నపిల్లకు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. 108 రావడం మొదలై మూడేళ్ళయింది గానీ, వాన పడ్డ రాత్రి ఆ గూడెం బాట మీద అది ఎక్కలేదు. పిల్లను, తల్లిని జీపులో వేసుకొని తమ్ముడు మంచిర్యాలకు బయలుదేరాడు. సోమగూడెం దాటినంక జీపు ఆగింది. చీకటి, వాన. తమ్ముడు బానెట్ ఎత్తి ఫీడ్ పంపు మీది చేతి పంపు కొట్టాడు. అది పైకి లాగితే రావడం లేదట, ఎవరో లోపలి నుంచి పట్టి గుంజినట్టు వెనక్కి పోతోందట. చివరికి ఆ దారిన పోయే ఒక బొగ్గు లారీని ఆపి పిల్లను, తల్లిని ఎక్కించాడు. పిల్ల బతికింది. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. కానీ ఆ రాత్రి ఆ సంగతి మాకు తెలియదు.

పొద్దున పిల్ల తండ్రి తరఫువాళ్ళు వచ్చి మా ఇంటి ముందర నిలబడ్డారు. బండి పెట్టుకొని ఇదేం పని అన్నారు. నేను రాత్రి షిఫ్టు దిగి వచ్చాను. బండిని అప్పటికే ఇంటికి తెచ్చి పెట్టారు. అందరి ముందు నేను తాళం తీసి మూత విప్పాను, డీజిల్ ఉందో లేదో చూడటానికి. మూత తిప్పుతుంటే సుయ్యిమని గాలి చప్పుడు వచ్చింది. డీజిల్ ఆవిరి అనుకున్నాను. ట్యాంకులో డీజిల్ ఉంది. మూత పెట్టి తాళం తిప్పాను. ఒక్క దెబ్బకు స్టార్టయింది.

"ఇగో, నడుస్తలేదా? బండికి ఏమైంది? నీకే ఏదో అయింది. తాగి నడిపినవా?" అన్నాను.

తమ్ముడు నా ముఖం చూశాడు. జీపు తాళంచెవి గద్దె మీద పెట్టి బాపు దగ్గరికి పోయాడు. ఆ తర్వాత ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు. బండి చెట్టు కింద ఉంది. అప్పు కిస్తీ మాత్రం నెలనెలా నా జీతంలో కోత పడుతూనే ఉంది.

ఇక అమ్మేద్దామని, అమ్మేముందు చూపిద్దామని, ట్రాక్టర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన బండిని ముట్టలేదు. ఎన్ని మార్చారో నేను చెబుతుంటే విని, "ఏమేం మార్చిన్రో చెప్తున్నవు. ఎప్పుడెప్పుడు ఆగిందో చెప్తలేవు. నడిపినాయన ఏమంటుండు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. "నిండ పోసిన రోజే ఆగుతది" అని చెప్పడానికి సిగ్గయింది. అయినా చెప్పాను. ఆయన నవ్వలేదు. "తారీకులు పట్టుకొని రా పో" అన్నాడు.

బాయిలో మాకు ఇది రోజూ ఉండేదే. షిఫ్టు దిగేటప్పుడు పంపు ఎప్పుడు నడిచింది, ఎప్పుడు ఆగింది, ఎంత సేపు, నీళ్ళు ఎక్కడి దాకా ఉన్నాయి అన్నీ పుస్తకంలో రాసి దిగాలి. తర్వాతి షిఫ్టువాడు ఆ రాత చూసే పని మొదలుపెడతాడు. భూమి లోపల ఆ క్రమం తప్పని నేను, భూమి మీదికి వచ్చాక నా బండి విషయంలో ఒక్క ముక్క రాయలేదు.

తమ్ముడు రాశాడు. అతని ట్రిప్పుల నోట్‌బుక్ జీపు డ్యాష్‌బోర్డు కింద ఉంది. ఏ తారీకు ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత కిరాయి. కొన్ని తారీకుల చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టి ఉంది. పక్కన ఊరిపేరు. మొదట అర్థం కాలేదు. సోమగూడెం పక్కన సున్నా చూసినంక అర్థమైంది. బండి ఆగిన రోజులు అవి. మొత్తం పదకొండు. నా డీజిల్ నోట్‌బుక్ తెచ్చి పక్కన పెట్టాను. పదకొండింట తొమ్మిది, నేను ట్యాంకు నిండా పోసిన రోజులు. మిగతా రెండు ఆ మర్నాటివి. అయిదు, పది లీటర్లతో తిరిగిన రోజుల్లో ఒక్క సున్నా లేదు. ఆగిన చోట్లు కూడా పోసిన దగ్గర నుంచి ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్ల మధ్యే.

ఆ రెండు నోట్‌బుక్కులు ముందర పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. తమ్ముడు నాలుగు నెలలుగా నిజమే చెబుతున్నాడు.

బాపు ఇంటికి పోయి ఆ రెండూ తమ్ముడి ముందు పెట్టాను. "నీ మాటే నిజం. ఎందుకో తెల్వదు గానీ నిజం. పొద్దున ఆ పెద్దాయన దగ్గరికి పోదాం, నువ్వు రావాలె" అన్నాను. అతను నోట్‌బుక్ తిరగేసి చూశాడు. "నిండ పోసుకొని పోదాం" అన్నాడు. అంతే.

మర్నాడు నిండా పోసి తాళం వేసి, పెద్దాయనను ఎక్కించుకొని బయలుదేరాం. తమ్ముడే నడిపాడు. క్యాతన్‌పల్లి రైల్వే గేటు దగ్గర, అప్పటికింకా పైవంతెన లేదు, అరగంట సేపు నిలబడ్డాం. ఆగలేదు. మందమర్రి దాటాం. ఆగలేదు. నాకు భయమేసింది, ఈ రోజు కూడా మంచిగా నడిచి మమ్మల్ని అబద్ధాలకోరులను చేస్తుందేమోనని. సోమగూడెం పోయి వెనక్కి తిరిగినంక ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గుంజడం తగ్గింది. రెండుసార్లు ఎగశ్వాస తీసినట్టు చేసి ఆగిపోయింది. ఆ రోజు బండి ఆగితే మేం ముగ్గురం సంతోషపడ్డాం.

పెద్దాయన బానెట్ ఎత్తలేదు. నేరుగా వెనక్కి పోయి ట్యాంకు మూత దగ్గర చెవి పెట్టాడు. "తాళం తియ్యి, మెల్లగ తిప్పు" అన్నాడు. నేను మొలతాడు నుంచి చెవి తీసి తిప్పాను. సుయ్యిమని గాలి లోపలికి పోయింది. లోపలికి. ఆ రోజు ఆవిరి బయటికి వస్తోందనుకున్న చప్పుడే అది. "ఇప్పుడు కొట్టు" అన్నాడు. తమ్ముడు చేతి పంపు నాలుగు దెబ్బలు వేసి తాళం తిప్పాడు. స్టార్టయింది.

మా ఇళ్ళలో సొరబుర్రతో నీళ్ళు తాగినవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర లేదు. బుర్రను పూర్తిగా వంచితే నీళ్ళు గుడగుడమని ఆగి ఆగి వస్తాయి, ఎందుకంటే నీళ్ళు పోయిన జాగలోకి గాలి రావాలి. మా అవ్వ నూనె డబ్బాకు ఒక బొక్క కొట్టి ఊరుకునేది కాదు. ఎదురు మూలన రెండోది కొట్టేది. ఒకటి నూనెకు, ఒకటి గాలికి. డీజిల్ ట్యాంకు కూడా అంతే. ఇంజను డీజిల్ తాగుతున్న కొద్దీ ఆ మేరకు గాలి లోపలికి పోవాలి. పోకపోతే ట్యాంకు లోపల గుంజుడు పుడుతుంది. ఫీడ్ పంపు ఇటు గుంజుతుంది, ట్యాంకు అటు గుంజుతుంది. ఒకచోట పంపు ఓడిపోతుంది. తమ్ముడు ఆ రాత్రి చెప్పిన చేతి పంపు లోపలి నుంచి గుంజినట్టు అయిన మాట అదే. ఊరుకుంటే మూత రబ్బరు సందుల నుంచి గాలి మెల్లగా దూరి, అరగంటకు బండి కోలుకునేది.

మరి నిండినప్పుడే ఎందుకు? పెద్దాయన వేళ్ళ మీద చెప్పాడు, నేను ఇంటికొచ్చి కాయితం మీద వేసుకున్నాను. నిండిన ట్యాంకులో పైన 4 లీటర్ల గాలే ఉందనుకుందాం. ఇంజను 2 లీటర్లు తాగితే ఆ 4 లీటర్ల గాలి 6 లీటర్ల జాగలో సర్దుకోవాలి. లోపలి ఒత్తిడి మూడో వంతు పడిపోతుంది. అదే ట్యాంకు అడుగున ఉండి పైన 30 లీటర్ల గాలి ఉంటే, 2 లీటర్లు తాగినా అది 32 లీటర్ల జాగలో సర్దుకుంటే చాలు. పదహారో వంతే తగ్గుతుంది. పంపుకు అది లెక్కలోకి రాదు. నిండు లోడుతో మా జీపు 2 లీటర్లకు ఇరవై నాలుగు, ఇరవై అయిదు కిలోమీటర్లు పోయేది. తమ్ముడి సున్నాలన్నీ అక్కడే.

మెకానిక్‌ల దగ్గర ఎందుకు ఆగలేదో కూడా అప్పుడు తెలిసింది. ఎవరి దగ్గరికి పోయినా మొదట అడిగేది "డీజిల్ ఉందా?" అని. నేను మూత విప్పి చూపేవాణ్ణి. ఆ విప్పడంతోనే జబ్బు పోయేది. ఆ తర్వాత వాళ్ళు ఏది మార్చినా దానివల్లే బాగైనట్టు కనిపించేది. ఇంటి ముందర అందరు చూస్తుండగా నేను చేసింది కూడా అదే. నా చేత్తో జబ్బును పోగొట్టి, జబ్బు లేదని తమ్ముణ్ణి తిట్టాను.

అయినా పెద్దాయన అక్కడితో ఒప్పుకోలేదు. ట్యాంకుకు గాలి కోసం వేరే సన్న పైపు ఉండాలి కదా, అదేమైంది అన్నాడు. ట్యాంకు పైభాగాన వెతికితే దొరికింది. దాని నోట్లో మట్టి. మట్టిగూడు కట్టే కందిరీగ ఎప్పుడో అందులో ఇల్లు కట్టుకొని పోయింది. ఎన్నేళ్ళ కిందటిదో. అన్నేళ్ళూ బండి వదులు మూత సందుల నుంచే ఊపిరి తీసుకుంది. ఆ సందును నేను మూసేశాను. ఇందులో బండి చేసినవాళ్ళ తప్పు లేదు, మూత చేసినవాళ్ళ తప్పూ లేదు.

పైపు మట్టి తీశాం. మళ్ళీ నిండా పోసి, అదే తాళం మూత బిగించి, దేవాపూర్ దాకా పోయి వచ్చాం. ఆగలేదు. అప్పుడు పెద్దాయన పైపు నోటికి గుడ్డ కుక్కి ఇంకోసారి తోలమన్నాడు. ఇరవై మూడు కిలోమీటర్లకు ఆగింది. గుడ్డ తీశాడు, నడిచింది. "తప్పును పోగొడితే సాలదు. మళ్ల పిలిస్తే రావాలె. అప్పుడే దొరికినట్టు" అన్నాడు. అంతకుముందు మార్చిన ఫిల్టర్లు, పంపు కిట్లకు ఈ పరీక్ష ఎవరూ పెట్టలేదు. మేమూ అడగలేదు.

పాత బండ్లు నడిపే మనవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. బండి ఆగితే ముందు ఏదీ విప్పకండి. టక్కున ఆగిందా, గుంజుడు తగ్గి తగ్గి ఆగిందా చూడండి. వెంటనే స్టార్టయిందా, కాసేపటికి అయిందా, ఎత్తు మీదనా, చదును మీదనా, ఎన్ని కిలోమీటర్లకు, ట్యాంకులో ఎంత ఉన్నప్పుడు, ఇవన్నీ రాసుకోండి. పది రాతలు పోగైతే బండే చెబుతుంది. ట్యాంకు మీద అనుమానం ఉంటే ఒక సీసాలో డీజిల్ పోసి ఎత్తున కట్టి, దాని నుంచి పంపుకు పైపు ఇచ్చి నడిపి చూడండి. అప్పుడు ఆగకపోతే జబ్బు ట్యాంకు వైపు ఉన్నట్టు. ఆగితే ఇంజను వైపు. దానికి ఖర్చు ఒక సీసా, మూరెడు పైపు.

ఇక డీజిల్ లెక్క సంగతి. అది కూడా తేలింది. దొంగతనం ఏమీ లేదు. గూడేల బాట మీద మొదటి, రెండో గేర్లలో పదిహేను మందితో తిరిగే బండికి తారు రోడ్డు లెక్క వేసింది నేను. ఆ బాట మీద నేను ఒక్కసారి కూడా బండి తోలలేదు.

మనం నలుగురం కూర్చుంటే ఒక బాధ చెప్పుకుంటాం. మన మాట ఎవరూ నమ్మరని. ఊరిపేరు చెప్పినా, కులం పేరు చెప్పినా, ఈ చేను మా తాత దున్నిందని చెప్పినా, కాయితం ఏదీ అంటారని. నేను కూడా ఎన్నో ఆఫీసుల ముందు ఆ మాట పడ్డవాణ్ణే. అదే పని నా తమ్ముడికి నేను చేశాను. అతని మాట నమ్మడానికి నాకు కూడా కాయితమే కావాల్సి వచ్చింది. ఆ నోట్‌బుక్ లేకపోతే నేను ఇప్పటికీ నమ్మి ఉండేవాణ్ణి కాదేమో.

తాళం మూత అట్లాగే ఉంచాం, చెవి మాత్రం తమ్ముడికి ఇచ్చాను. అతను తీసుకున్నాడు. "ఇన్ని రోజులు నీ మొలకు బరువైంది" అన్నాడు. ఆ జీపు ఇంకో ఆరేళ్ళు తిరిగి పాత సామానుకు పోయింది. తమ్ముడికి ఇప్పుడు సొంత ఆటో ఉంది. నేను రిటైరయ్యాను. వాడలో ఎవరి బండి ఆగినా, మోటరు ఆగినా నన్ను పిలుస్తారు. నేను పోయి మొదట పానా పట్టను. నడిపిన మనిషి ఏమంటున్నాడో అడిగి, ఎంత వింతగా ఉన్నా ఆ మాట రాసుకుంటాను.